టీవీ న్యూస్‌లో ‘మనోళ్లు’ లేకపోతే ఎలా? పరిచయాలు ఇలా మొదలుపెట్టండి

“భాయ్, మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది. టీవీ న్యూస్‌లో చేస్తానంటోంది. అక్కడ మనోళ్లు ఎవరైనా ఉన్నారా?”

రిపోర్టర్‌ని కాబట్టి నెలకు రెండు మూడుసార్లయినా ఇలాంటి ఫోన్ వస్తుంది. ఖమ్మం నుంచి వస్తుంది, కర్నూలు నుంచి వస్తుంది, టోలీచౌకీ నుంచీ వస్తుంది. మాట్లాడేది తండ్రో, మామూనో అయి ఉంటారు. ఉద్యోగం చేయాల్సిన పిల్ల పక్కన కూర్చుని వింటూ ఉంటుంది. నేను మొదట చెప్పేది ఒకటే: ఫోన్ తనకివ్వండి.

ఎందుకంటే ఈ రంగంలో పరిచయం అనేది ఇంట్లో పెద్దవాళ్లు సంపాదించి పిల్లల చేతిలో పెట్టేది కాదు. ఎవరి పరిచయం వాళ్లే కట్టుకోవాలి. నేను బీకాం చదివి ఇటు వచ్చాను. మా ఖాందాన్‌లో టైలర్లున్నారు, మెకానిక్‌లున్నారు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లున్నారు. న్యూస్‌లో ఒక్కరూ లేరు. మొదటి ఏడాది దొరికిన ప్రతి నంబర్‌కీ “సార్, ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి” అని మెసేజ్ పెట్టాను. ఒకరిద్దరు “రెజ్యూమే పంపు” అన్నారు. పంపాను. అంతే.

ఉద్యోగం ఎలా దొరుకుతుంది?

మనకు టీవీలో కనిపించేది యాంకర్, రిపోర్టర్. వెనుక చాలామంది ఉంటారు. జిల్లాల నుంచి వార్తలు తెప్పించేది ఇన్‌పుట్ డెస్క్. వచ్చిన సమాచారాన్ని రాసి, విజువల్స్ పేర్చి, బులెటిన్‌గా తయారుచేసేది అవుట్‌పుట్ డెస్క్. కాపీ ఎడిటర్లు, వీడియో ఎడిటర్లు, గ్రాఫిక్స్ వాళ్లు, కెమెరామెన్, బులెటిన్ ప్రొడ్యూసర్లు... కొత్తవాళ్లకు చోటు దొరికేది ఎక్కువగా ఇక్కడే.

డెస్క్‌లో ఒకరు మానేశారనుకోండి. చాలాసార్లు ప్రకటన రాకముందే ప్రొడ్యూసర్ పక్కవాళ్లను అడుగుతారు, “ఎవరైనా ఉన్నారా?” అని. అప్పుడు ఎవరో ఒక పేరు చెబుతారు. దీన్ని మనం సిఫారసు అనుకుంటాం. కానీ పేరు చెప్పే మనిషికీ భయం ఉంటుంది. బులెటిన్ టైమ్‌కి ఆగదు. తప్పు జరిగితే అది లక్షల ఇళ్లలోకి వెళ్లిపోతుంది. అందుకే తాము పని చూసిన మనిషి పేరే చెబుతారు. మీ పని ఎవరూ చూడకపోతే మీ పేరు ఎవరి నోటా రాదు.

చుట్టాలకంటే ముఖపరిచయాలే

అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక వ్యాసం రాశారు. బోస్టన్ దగ్గర ఒక పట్టణంలో తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను ఆయన అడిగారు: ఆ తెలిసిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారు? ఎక్కువమంది “అప్పుడప్పుడు” లేదా “అరుదుగా” అన్నారు. కారణం సులువే. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు తెచ్చేది దూరపువాళ్లు.

మన ఇళ్లకు ఇది మరీ వర్తిస్తుంది. ఒకే మొహల్లా, ఒకే దావత్‌లు, ఒకే రకం పనులు. అక్కడ ఎంత వెతికినా న్యూస్ ఎడిటర్ దొరకడు. కాబట్టి బయటికి వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలి?

మొదటిది చదువు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూడా మాస్ కమ్యూనికేషన్ కోర్సులున్నాయి. అక్కడ పాఠాలకన్నా ముందు దొరికేది బ్యాచ్‌మేట్లు. ఐదేళ్లకు ఆ పక్క బెంచీవాళ్లే తలా ఒక ఛానల్‌లో ఉంటారు. పరీక్ష పెట్టి తీసుకుని, శిక్షణలో స్టైపెండ్ ఇచ్చే ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటివీ ఉన్నాయి.

రెండోది ఆకాశవాణి. వార్తలు చదవడానికి, అనువదించడానికి క్యాజువల్ పద్ధతిలో మనుషుల్ని తీసుకుంటారు. రాత పరీక్ష, వాయిస్ టెస్ట్ ఉంటాయి. జిల్లాల్లో పార్ట్‌టైమ్ కరస్పాండెంట్లూ ఉంటారు. స్పష్టంగా చదవడం, టైమ్‌కి ముగించడం అక్కడ బాగా అలవడతాయి.

మూడోది మీ ఊరే. మీ మండలంలో టీవీ స్ట్రింగర్ ఉంటారు. ఆయనతో ఒకరోజు మార్కెట్ యార్డుకో, కలెక్టరేట్‌కో వెళ్లండి. బైట్ ఎలా తీస్తారో, విజువల్స్ ఎంత త్వరగా పంపిస్తారో చూడండి. హైదరాబాద్‌లో బ్యూరోకి దారి చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఏమని అడగాలి?

ఉద్యోగం అడగకండి. ఇలా రాసి చూడండి:

“మేడమ్, నేను బీకాం ఫైనలియర్. నిన్న రాత్రి బులెటిన్‌లో మిర్చి ధరల మీద మీ స్టోరీ చూశాను. రైతు మాటతో మొదలుపెట్టి, ధర ఆ తర్వాత చెప్పారు. అలా ఎందుకు పెట్టారో తెలుసుకోవాలనుంది. మా ఊరి మార్కెట్ మీద ఫోన్‌తో రెండు నిమిషాల వీడియో చేశాను. వీలున్నప్పుడు చూసి ఒక్క తప్పు చెబుతారా?”

ఇందులో వాళ్ల పని చూశారని ఉంది. మీ పనీ ఉంది. అడిగింది రెండు నిమిషాలే. బులెటిన్‌కు ముందు మాత్రం ఫోన్ చేయకండి. వారం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

అసలు సంగతి జవాబు వచ్చాక ఉంది. చెప్పిన తప్పు దిద్ది, మళ్లీ పంపాలి. చాలామంది “థాంక్యూ మేడమ్” అని ఆగిపోతారు. నా మొదటి వీడియో చూసిన బులెటిన్ ప్రొడ్యూసర్ ఒక మాట అన్నారు: “తెరమీద కనిపించేదే నువ్వు మళ్లీ వాయిస్‌లో చెబుతున్నావు.” దిద్ది పంపాను. ఇంకో తప్పు చెప్పారు. మళ్లీ పంపాను. మూడోసారి ఆమే అడిగారు, “రేపు బడ్జెట్. నంబర్లు చూడగలవా?”

ఆ రోజు గ్రాఫిక్స్ పక్కన కూర్చున్నాను. ఒక ప్లేట్‌లో ఈ ఏటి బడ్జెట్ అంచనాని పోయినేటి సవరించిన అంచనాతో కలిపేశారు. బీకాం చదివినవాడికి అది కనిపిస్తుంది. ఎయిర్‌కి వెళ్లకముందే చెప్పాను. సాయంత్రానికి డెస్క్‌లో నలుగురికి నా పేరు తెలిసింది. ఏడాదిపాటు పెట్టిన మెసేజ్‌లు ఆ పని చేయలేకపోయాయి.

మీకేం వచ్చో మీరే వెతుక్కోండి. అకౌంట్స్ కావచ్చు, వ్యవసాయం కావచ్చు, క్రికెట్ కావచ్చు.

ఉర్దూ మనకు ఆస్తి, అదే హద్దు కాకూడదు

2001లో ఈటీవీ ఉర్దూ రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి మొదలైంది. ఉర్దూలో టీవీ వార్తలకు మన దగ్గర అప్పటినుంచీ ఒక దారి ఉంది. తెలుగు ఛానల్‌లోనూ ఉర్దూ పనికొస్తుంది. పాతబస్తీ నుంచి దక్కనీలో బైట్ వస్తే డెస్క్ చూపులన్నీ మనవైపే తిరుగుతాయి. సంతోషంగా చేసిపెట్టండి. పరిచయాలు అలాగే పెరుగుతాయి.

కానీ జాగ్రత్త. రెండేళ్లయ్యాక చూసుకుంటే చేతిలో రంజాన్ హలీమ్, వక్ఫ్ భూములు, చార్మినార్ షాపింగ్ తప్ప వేరే స్టోరీ ఉండకపోవచ్చు. నాకు అలాగే జరిగింది. అప్పుడు పనికొచ్చింది ఆ ప్రొడ్యూసర్ మేడమే. “జీఎస్టీ స్టోరీ నువ్వే అడుగు, నేను మీటింగ్‌లో మాట్లాడతా” అన్నారు. అందుకే ఉస్తాద్ ఒక్కరే ఉండకూడదంటాను. మన బస్తీ తెలిసినవారు ఒకరు, బయటివారు ఒకరు ఉండాలి.

అమ్మాయిల తల్లిదండ్రులకు

మీ భయం నాకు తెలుసు. మా ఇంట్లోనూ అక్కచెల్లెళ్లున్నారు. నేర్పించే మనిషిని ఆఫీసులో, క్లాసులో, పగటిపూట నలుగురున్న చోట కలవాలి. ఒంటరిగా రమ్మనేవాళ్లు, అర్ధరాత్రి పనిలేని మెసేజ్‌లు పెట్టేవాళ్లు ఉస్తాద్‌లు కారు. అక్కడే ఆపేయాలి. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి ఆఫీసులో ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. చేరేముందు కమిటీలో ఎవరున్నారు, నైట్ షిఫ్ట్‌కి క్యాబ్ ఉందా అని అడగడం తప్పు కాదు. మహిళా జర్నలిస్టులకు 2002 నుంచి నెట్‌వర్క్ ఆఫ్ విమెన్ ఇన్ మీడియా అనే వేదిక కూడా ఉంది. ముందే ఈ దారిలో నడిచిన ఆపాలు అలాంటి చోట దొరుకుతారు.

మొదటిసారి తోడు వెళ్లండి. కానీ మాట్లాడేది తనే కావాలి.

డబ్బులడిగితే

“లోగో ఇస్తాం, డిపాజిట్ కట్టండి” అని జిల్లాల్లో అడిగేవాళ్లుంటారు. “మూడు నెలల్లో యాంకర్, ఉద్యోగం గ్యారంటీ” అని ఫీజు గుంజే ఇన్‌స్టిట్యూట్‌లూ ఉంటాయి. జీతం ఇవ్వాల్సినవాళ్లు డబ్బు అడుగుతున్నారంటే లెక్క ఎక్కడో తేడా ఉంది. ఫీజు కట్టేముందు అక్కడ చదివి ఇప్పుడు న్యూస్‌లో పనిచేస్తున్న ఇద్దరితో మాట్లాడించమనండి. మాట్లాడించలేకపోతే వచ్చేయండి.

ఒక ఖాతా పుస్తకం

చివరిగా, బీకాం అలవాటు ఒకటి చెబుతాను. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎవరిని, ఎప్పుడు కలిశారు, వాళ్లేం చెప్పారు, మీరేం చేశారు అని రాయండి. మూడు నాలుగు నెలలకోసారి మీ కొత్త పని వాళ్లకు పంపండి. తీసుకున్నదే రాస్తూపోతే ఖాతా సరిపోదు కదా. రేపు మీ తర్వాత వచ్చే పిల్లల వీడియో మీరూ రెండు నిమిషాలు చూడాలి.

నాకు ఫోన్ చేసే ఇళ్లలో ఇప్పుడు నేను అదే చేస్తున్నాను. ఫోన్ తన చేతికి వచ్చాక ఒకే ప్రశ్న అడుగుతాను: “బేటా, నువ్వు చేసిన వీడియో ఏదైనా ఉందా?” లేదంటే, “వారంలో ఒకటి చేసి పంపు” అంటాను. పంపినవాళ్లతో నా మాటలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.