ఆంగ్లపదముల నభ్యసించు విధము
(విద్య, పురజీవనము, పరిసరములు)

ఆంగ్లభాష నభ్యసించు మన బాలబాలికలలో పెక్కుమందికి గల కష్ట మొక్కటియే. పాఠమునందలి పదములకు అర్థములను వరుసగా వ్రాసికొని కంఠస్థము చేయుదురు. పరీక్షనాడు వానిని తప్పులేకుండ నప్పగింతురు. కాని తమ వీధిలోని మురుగుకాలువ పూడిపోయినదని పురపాలక సంఘమువారికి నాలుగు పంక్తుల విన్నపము వ్రాయుమన్నచో కలము కదలదు. నేర్చిన పదములు వేయి యున్నను, కావలసిన పద మొక్కటియు సమయమునకు రాదు. పల్లెలనుండి పై చదువులకై పట్టణములు చేరిన విద్యార్థు లెందరో ఈ కారణముచేతనే తరగతిలో నోరు మెదపక వెనుక బల్లలమీద కూర్చుండుచున్నారు. వారికి బుద్ధి తక్కువ గాదు; పదములను నేర్చిన పద్ధతియే కొరవడినది. కావున ఆ పద్ధతిని గూర్చి, విద్య, పురజీవనము, పరిసరములు అను మూడు విషయములను ఉదాహరణములుగా గైకొని, కొంత వివరించెదము.

అమరుని మార్గము

పదములను అక్షరక్రమమున గాక విషయక్రమమున నేర్చుట మనకు క్రొత్త గాదు. అమరసింహుడు తన నిఘంటువును వర్గములుగా విభజించెను. అందు ద్వితీయకాండమున భూమివర్గము, పురవర్గము, శైలవర్గము, వనౌషధివర్గము మున్నగునవి కలవు. పురవర్గమును చదివిన బాలునకు నగరము, రాజవీధి, అంగడి, ప్రాకారము, గృహము, ద్వారము ఒక్కచోటనే కన్నులకు గట్టినట్లుండును. తెలుగున పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామసంగ్రహమును ఈ తీరుననే వర్గములుగా నున్నది. ఆంగ్లమున పీటర్ మార్క్ రోజే 1852వ సంవత్సరమున ప్రకటించిన థెసారసు పదములను భావములనుబట్టి కూర్చిన గ్రంథము. ఆ సంవత్సరముననే సి. పి. బ్రౌను దొరవారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. అది అక్షరక్రమమున నున్నది. రెండును కావలసినవే. తెలియని పదమును వెదకుటకు అక్షరక్రమము. తెలిసిన పదమును మనసున నిలుపుకొనుటకు వర్గక్రమము.

వర్గములోని ప్రతిపదమును గూర్చియు మూడు ప్రశ్నలు వేసికొనవలయును. ఈ పదము ఎచటినుండి వచ్చినది? దీని చుట్టము లెవ్వరు? ఇది ఏ పదములతో కూడి తిరుగును? ఈ మూటికి సమాధానము తెలిసిన పదము మరల మరచిపోవుట యరుదు.

విద్యావర్గము

స్కూలు అను పదము గ్రీకుభాషలోని ‘స్ఖోలే’ నుండి వచ్చినది. దానికి మొదటి యర్థము తీరిక. తీరికవేళ చేయు చర్చకును, పిదప అట్టి చర్చ జరుగు చోటునకును ఆ పేరే నిలిచినది. పరీక్షను దెలుపు ‘ఎగ్జామినేషను’ పదమునకు మూలము లాటినులోని ‘ఎగ్జామెన్’. అనగా త్రాసునడుమ నుండు ముల్లు. విద్యార్థిని తూచి చూచుటయే పరీక్ష యని తాత్పర్యము. మన ‘పరీక్ష’ యను సంస్కృతపదమునకు చుట్టును చూచుట యని యర్థము. వారు తూచిరి, మనము చూచితిమి, పని యొక్కటియే.

‘ప్యూపిల్’ అను పదము మరియు సొంపైనది. దానికి విద్యార్థి యనియు, కంటి నడుమనుండు నల్లని చుక్క యనియు రెండర్థములు. లాటినున ‘పూపిల్లా’ యనగా చిన్నపిల్ల, బొమ్మ. ఎదుటివాని కంటిలో చిన్న బొమ్మవలె మన రూపు కనబడునుగదా! మన పూర్వులును దానిని ‘కనుపాప’ యనిరి. ఒకరి నొక రెఱుగని రెండు జాతులు ఒక్క చూపే చూచుట యెంత వింత! ఈ సంగతి తెలిసినవానికి ప్యూపిల్ అను పదము జన్మమున మరపునకు రాదు.

‘సిలబసు’ పదము పొరపాటున పుట్టినది. పుస్తకములకు గట్టు పేరుచీటికి గ్రీకున ‘సిట్టుబా’ యని పేరు. 15వ శతాబ్దమున అచ్చైన సిసెరో లేఖలలో ఆ మాట తప్పుగా పడి, ‘సిలబసు’గా మారి, అట్లే స్థిరపడినది. దీనిని ‘కరిక్యులమ్’తో కలుపరాదు. ఒక విషయమున చదువవలసిన పాఠముల పట్టిక సిలబసు. విద్యాలయము నేర్పు విషయము లన్నిటి యేర్పాటు కరిక్యులమ్. దీని లాటిను మూలమునకు పరుగు అని యర్థము.

ఇక సహవాసము. మనము పరీక్ష ‘వ్రాయుదుము’. కావున ఆంగ్లమునను ‘రైట్’ అందుము. ఇంగ్లండువారు ‘టేక్’ అనియో ‘సిట్’ అనియో యందురు. మనము ఒక సంగతిని ‘గూర్చి’ చర్చింతుము. అందుచే ‘డిస్కస్’ పిమ్మట ‘అబౌట్’ చేర్తుము. అది యక్కరలేదు, డిస్కస్ అను క్రియలోనే ఆ యర్థ మిమిడియున్నది. ‘ఇన్ఫర్మేషను’, ‘నాలెడ్జి’, ‘అడ్వైసు’, ‘హోంవర్కు’ అను పదములకు సాధారణముగా బహువచనము లేదు. ‘సలహాలు’ అని మనము చెప్పునట్లు ‘అడ్వైసులు’ అనుట ఆంగ్లమున చెల్లదు. ఒక్క సలహాను చెప్పవలసినపుడు ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైసు’ అనవలయును.

పురవర్గము

లాటినున ‘సివిస్’ అనగా పౌరుడు. దానినుండి సిటీ, సిటిజన్, సివిల్, సివిలిజేషను అను పదము లన్నియు బయలుదేరినవి. మనకును నగరమునుండి నాగరికుడు, నాగరికునినుండి నాగరికత పుట్టినవి. లాటినుననే పట్టణమునకు ‘ఉర్బ్స్’ అని మరియొక పేరు. ‘అర్బన్’ అనగా పట్టణసంబంధమైన. ‘అర్బేన్’ అనగా మర్యాద దెలిసిన. ‘సబర్బ్’ అనగా ఉపనగరము. గ్రీకున పట్టణము ‘పోలిస్’. దాని సంతానము పోలీసు, పాలిటిక్సు, మెట్రోపోలిస్. ఈ కడపటి పదమునకు తల్లిపట్టణ మని యర్థము. నేటి ‘మెట్రో’ రైలు పేరును ఆ తల్లి పెట్టినదే. ఈ మూడు వేళ్లను పట్టుకొన్నచో పది పదములు ఒక్కమారు చేతికి వచ్చును.

‘స్ట్రీట్’ అనగా మొదట రాళ్లు పఱచిన బాట. ఆంగ్లమున స్ట్రీట్ ఇండ్లవరుసల నడుమనుండు వీధి; రోడ్డు ఊరినుండి ఊరికి బోవు బాటకును చెల్లును; లేన్ ఇరుకైన సందు. ‘ట్రాఫిక్’ మొదట వర్తకమునకు పేరు. పిదప వర్తకముచే గలిగిన బండ్ల రాకపోకలకు పేరాయెను. దానికిని బహువచనము లేదు. అది మిక్కుటమైనపుడు ‘బిగ్’ అనరాదు, ‘హెవీ’ అనవలయును. వానకును అదే విశేషణము.

మురుగునకు సంబంధించిన మూడు పదములను మనవారు తఱచుగా కలగాపులగము చేయుదురు. మురుగునీరు ‘సూయేజి’. అది పారు భూగర్భపు కాలువ ‘సూయర్’. ఆ కాలువల యేర్పాటంతయు ‘సూయరేజి’. మొదట చెప్పిన విన్నపము వ్రాయువానికి ఈ భేదము తెలియకున్న, నీరు పొంగినదో, గొట్టము పగిలినదో, అసలు ఆ వీధికి కాలువయే లేదో చదువువారికి బోధపడదు. పదమునందలి పొరపాటు పనియందలి జాగునకు కారణ మగును.

ఒక్క చరిత్రవిషయమును తీసికొని వర్గమంతయు అభ్యసింపవచ్చును. 1908వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. వేలకొలది జనులు మృతినొందిరి. అట్టి యుపద్రవము మరల రాకుండుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరమునకు ఎగువను జలాశయములు కట్టిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఈ వృత్తాంతమును ఆంగ్లమున ఆరు వాక్యములుగా వ్రాయుడు. వరదకు ‘ఫ్లడ్’, ఆనకట్టకు ‘డ్యామ్’, జలాశయమునకు ‘రిజర్వాయర్’, నీరు వచ్చి చేరు ప్రదేశమునకు ‘క్యాచ్‌మెంటు’, ఎగువకు ‘అప్‌స్ట్రీమ్’ తామే వచ్చి మీ వాక్యములలో కూర్చుండును.

పరిసరవర్గము

‘ఎన్వైరన్మెంటు’ అను పదమునకు మూలార్థము చుట్టుకొనియుండునది. మన ‘పర్యావరణము’నకును పరి, ఆవరణము అను విభాగముచే అదే యర్థము. వ్రాయునపుడు మకారమునకు ముందున్న నకారమును పెక్కుమంది విడుతురు, విడువరాదు. పలుకునపుడు ‘వై’ అను భాగమును ఊనిక చేసి పలుకవలయును. ‘షన్’ అని ముగియు ఎడ్యుకేషను, పొల్యూషను, పాప్యులేషను, కన్సర్వేషను మొదలగువానిలో ఆ ‘షన్’నకు సరిగా ముందున్న భాగముపైననే ఊనిక. తెలుగున అన్ని యక్షరములను సమముగా పలుకుట మన కలవాటు. ఆంగ్లమున నట్లు పలికినచో వినువానికి పదము తెలియకపోవచ్చును.

ఎర్నెస్ట్ హెకెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1866లో ‘ఎకాలజీ’ యను పేరును కల్పించెను. గ్రీకున ‘ఓయికోస్’ అనగా ఇల్లు. ఇంటిని నడపు విధము ‘ఎకానమీ’. జీవులు వసించు ఇంటిని గూర్చిన శాస్త్రము ఎకాలజీ. 1935లో ఆర్థర్ టాన్స్లీ ‘ఎకోసిస్టమ్’ అను పదమును ప్రకటించెను. ‘స్మాగ్’ అనునది పొగ యను ‘స్మోక్’నకును మంచు యను ‘ఫాగ్’నకును సంధి చేయగా పుట్టినది. ఇది 1905 ప్రాంతమున లండనునందు ప్రచారమునకు వచ్చెను. 1952 డిసెంబరులో ఆ నగరమును ఐదు దినములు కప్పిన స్మాగునకు సుమారు 4,000 మంది బలియైరని నాటి లెక్క. తరువాతి పరిశోధకులు 12,000 వరకు నుండునని యంచనా వేసిరి. 1956లో గాలిశుభ్రతకై యక్కడ చట్టము చేసిరి. ఒక పదము వెనుక ఇంత దుఃఖ ముండవచ్చును.

కుటుంబముగా నేర్చుటకు ‘పొల్యూట్’ మంచి యుదాహరణము. కలుషితము చేయుట పొల్యూట్, కాలుష్యము పొల్యూషను, కలుషము చేయు పదార్థము పొల్యూటంట్, కలుషితమైనది పొల్యూటెడ్. ‘కన్సర్వ్’ అనగా వ్యర్థము చేయక పొదుపుగా వాడుకొనుట. ‘ప్రిజర్వ్’ అనగా ఉన్నది ఉన్నట్లు కాపాడుట. నీటిని కన్సర్వ్ చేయుదుము. ప్రాచీన దేవాలయమును ప్రిజర్వ్ చేయుదుము. కృష్ణాగోదావరుల నడుమనున్న కొల్లేరును ఆంగ్లమున ‘వెట్‌లాండ్’ అందురు. 1999లో అది అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తడినేలల రామ్‌సార్ పట్టికలో చేరినది.

ఈ వర్గమున మన దేశము ఆంగ్లమునకిచ్చిన పదములును కలవు. ‘బ్యాండికూట్’ అనునది అచ్చముగా మన పందికొక్కే. ‘జంగిల్’నకు మూలము సంస్కృత ‘జాంగలము’. దానికి నీరు తక్కువై చెట్లు పలుచనైన నేల యని యర్థము. ఆంగ్లమునకు చేరునప్పటికి అది దట్టమైన యడవిగా మారినది. ఆ భాష మనకు పూర్తిగా పరాయిది కాదని యెఱిగినచో భయము సగము తీరును.

ఒక తెలుగుమాట, రెండాంగ్లపదములు

అర్థముల పట్టికను మాత్రమే నమ్మువారు చిక్కుపడు తావులు కొన్ని గలవు. ‘నీడ’ మన కొక్కటియే. చెట్టుక్రింద చల్లగా కూర్చుండు నీడ ‘షేడ్’. గోడపై పడు మనిషి యాకారము ‘షాడో’. పీల్చు గాలి ‘ఎయిర్’. వీచు గాలి ‘విండ్’. ఇంటిలోని నేల ‘ఫ్లోర్’. బయటి నేల ‘గ్రౌండ్’. విత్తనము మొలచు నేల ‘సాయిల్’. వార్తాపత్రికను చదువుట ‘రీడ్’. పదవ తరగతి చదువుట ‘స్టడీ’. చెత్త యంతయు ‘వేస్ట్’ కావచ్చును; కాని బాటలో విసరివేసిన కాగితము ‘లిట్టర్’. ‘రెఫ్యూస్’ అని మొదటిభాగము నూది పలికిన చెత్త. ‘రిఫ్యూజ్’ అని రెండవభాగము నూదిన నిరాకరించుట. రెండింటికిని వ్రాత యొక్కటియే.

అభ్యాసక్రమము

జర్మనుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో జ్ఞాపకశక్తిని గూర్చి ప్రకటించిన పరిశోధనలవలన రెండు సంగతులు తేలినవి. నేర్చినదానిలో ఎక్కువభాగము మొదటి గంటలలోనే జారిపోవును. ఒక్కమారు పెక్కుసార్లు వల్లించుటకంటె, ఎడమెడముగా కొన్నిసార్లు తలచుకొనుట మేలు. కావున ఒక నోటుపుస్తకమున నాలుగు గడులు గీయుడు. మొదట పదము, రెండవదాన పలుకుబడియు ఊనికయు, మూడవదాన దాని చుట్టములు, నాలుగవదాన మీ సొంత వాక్యము. ఆ వాక్యము పుస్తకమునుండి దింపినది కారాదు. మీ యింటిని, మీ వీధిని, మీ చెరువును గూర్చినదై యుండవలయును. వ్రాసిన దానిని ఆ రాత్రి ఒకసారి, మరునాడు ఒకసారి, వారమునకు ఒకసారి, నెలకు ఒకసారి పదమును చేతితో మూసి జ్ఞప్తికి దెచ్చుకొనుడు.

దినమునకు 5 పదము లనుకొన్నచో 200 దినములలో 1,000 పదములగును. మైకేల్ వెస్ట్ 1953లో ప్రకటించిన సాధారణోపయోగ పదముల పట్టికలో సుమారు 2,000 ప్రధానపదములే కలవు. అనగా రెండు విద్యాసంవత్సరముల నిలుకడగల శ్రమచే సామాన్యమైన యాంగ్లగ్రంథములను చదువుటకు గట్టి పునాది యేర్పడును. ఇందులకు ధనము వలదు, పట్టుదల వలయును.

మాతృభాషను విడిచినగాని ఆంగ్లము రాదనువారు కలరు. కనుపాప కథ వారికి తగిన సమాధానము. తెలుగుమాట లోతు తెలిసినవానికే ఆంగ్లపదము లోతు వేగముగా తెలియును. విద్యార్థులారా! నేటి సాయంకాలము మీ వీధిని ఒక కొననుండి మరియొక కొనదాక నడచి, కనబడిన వస్తువులలో ఆంగ్లమున పేరు తెలియనివి ఐదు వ్రాసికొనుడు. మీ మొదటి వర్గ మదియే.