కంప్యూటరు ఆజ్ఞతో దీపమును, మోటారును నడుపుట



రాత్రివేళ మోటారు వేయుటకు పొలమునకు బోయి పాముకాటునకో, విద్యుద్ఘాతమునకో గురియగు రైతులు మనలో గలరు. ఇంటనుండియే మోటారును నడుపవలెనను కోరిక అందువలన సహజము. ఇందలి మూలసూత్రమును పాత కంప్యూటరుతోనే నేర్వవచ్చును.

పాత కంప్యూటరు వెనుక ప్రింటరు తగిలించుటకు 25 రంధ్రములుగల పోర్టు కలదు. ఇందు 2 మొదలు 9 వరకు గల యెనిమిదియు ఆజ్ఞలను వెలువరించునవి; 18 మొదలు 25 వరకు గలవి విద్యుత్తు తిరిగివచ్చు దారులు. బేసిక్ భాషలో ‘ఔట్ 888, 1’ అని వ్రాసినచో 2వ రంధ్రమున సుమారు 5 వోల్టులు కలుగును. 1కి మారుగా 2 వ్రాసిన 3వ దానియందును, 4 వ్రాసిన 4వ దానియందును కలుగును. సున్న వ్రాసిన అన్నియు ఆగిపోవును. 888 యనునది పెక్కు కంప్యూటర్లలో ఆ పోర్టు యొక్క చిరునామా.

ముందుగా చిన్న ఎల్.ఇ.డి. దీపముతో పరీక్షింపుడు. దాని పొడుగు కాలిని 330 ఓముల రెసిస్టరు మీదుగా 2వ రంధ్రమునకును, పొట్టి కాలిని 18వ దానికిని కలుపవలెను.

మోటారు సంగతి వేరు. పోర్టు కొలది మిల్లీ ఆంపియర్లనే ఈయగలదు. కావున పోర్టు ట్రాన్సిస్టరును, అది రిలేను, రిలే స్టార్టరులోని కాంటాక్టరును, కాంటాక్టరు మోటారును నడుపవలెను. రిలేకు వేరుగా విద్యుత్తు నీయవలెను. నీరు వేగముగ పారుచుండగా వాల్వును తటాలున మూసిన గొట్టము పగులును గదా! అట్లే రిలే చుట్టలో విద్యుత్తు ఆగినతోడనే ఎదురు వోల్టేజి పొంగి ట్రాన్సిస్టరును చెరచును. చుట్టకు అడ్డముగ నొక డయోడును తలక్రిందుగ గట్టిన ఆ పొంగునకు దారి దొరకును.

ముఖ్యమైన హెచ్చరిక యొకటి. కంప్యూటరును వేయునపుడు పోర్టు తనంతట తానే ఆజ్ఞ పంపవచ్చును. మోటారు అకస్మాత్తుగ తిరుగవచ్చును. కావున బావియొద్ద మెయిను స్విచ్చి తీయక యెవ్వరును మోటారును ముట్టరాదు. స్టార్టరులోని ఓవర్‌లోడు రక్షణను తొలగింపరాదు. స్టార్టరు పనిని ఎరిగిన ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను.

క్రొత్త కంప్యూటర్లలో ఈ పోర్టు సాధారణముగ నుండదు. వానికి యు.ఎస్.బి. ద్వారమున తగిలించు ఆర్డ్వినో వంటి చిన్న పలకలు లభించుచున్నవి. సెల్‌ఫోనుతో నడచు స్టార్టర్లును అంగళ్లలో గలవు. చిన్న ఆజ్ఞ రిలే ద్వారా పెద్ద విద్యుత్తును నడుపుట వీని యన్నిటికిని మూలము. దీనిని దీపముతో నేర్చినవాడు స్టార్టరును కొనునపుడు ఏమి అడుగవలెనో తానే తెలిసికొనును.