చిన్న కారు: చోటు, మన్నిక

కారు కొనబోవువారు ఇంజను బలమును, మైలేజీని, ధరను విచారించినంత శ్రద్ధగా వెనుక తలుపు తెఱచి చూచుట అరుదు. కొన్న తరువాత మాత్రము నిత్యము పని పడునది ఆ తలుపుతోనే. సంక్రాంతికి ఊరికి వెళ్లి తిరిగి వచ్చునప్పుడు బియ్యపు సంచులు, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు, ఊరగాయ జాడీలు అన్నియు అందులోనే ఇముడవలెను. కారు చిన్నది, అమ్మమ్మగారి ఆప్యాయత పెద్దది. అసలు పరీక్ష అక్కడ మొదలగును.

మేమును పదకొండేండ్లుగా అట్టి చిన్న కారుతోనే సంసారము సాగించుచున్నాము. ఆ అనుభవమును, దానికి ఆధారమైన శాస్త్రమును కలిపి రెండు విషయములు విన్నవింపదలచితిమి. ఒకటి, ఉన్న కొద్దిచోటును ఎట్లు వాడుకొనవలెను? రెండు, కారు లోపలి భాగములు చిరకాలము మన్నవలెనన్న ఏమి చేయవలెను? ఈ రెండు ప్రశ్నలకును మూలమున ఒకే సంగతి ఉన్నది: ఈ కారులో సామానుకును మనుష్యులకును నడుమ గోడ లేదు.

పూర్వపు అంబాసిడరునందును, ప్రీమియర్ పద్మినియందును డిక్కీ వేఱొక గదివంటిది. అందులో ఏది పెట్టినను దాని వాసనయు, దాని తాకిడియు అంత సులువుగా మనదాక రావు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత, తోకవలె డిక్కీ పొడుచుకొని రాని చిన్న కారు మన వీధులలో పరిచితమైనది. ఈ తీరు కారునకు పునాదులు అంతకు ముందే విదేశములలో పడినవి. 1959లో బ్రిటనునందు ఇసిగోనిస్ అను శిల్పి రూపొందించిన మినీ కారులో ఇంజనును అడ్డముగా అమర్చిరి. మూడు మీటర్లకు కొంచెము మించిన పొడవులో నలుగురు కూర్చుండుటకు వీలైనది. 1961లో ఫ్రాన్సునందు వచ్చిన రెనో 4 కారునకు పైకి తెఱచుకొను వెనుక తలుపును, చదునైన నేలను అమర్చిరి. అడ్డముగా నున్న ఇంజను, పైకి లేచు తలుపు, మడతపడు వెనుక సీటు, ఈ మూడును కలిసిన రూపమే నేటి హ్యాచ్‌బ్యాక్.

ఆ తలుపు విలువ ఎంతటిదో టాటా నానో చరిత్రవలన తెలియును. 2009లో విపణికి వచ్చిన నానోకు వెనుక తలుపు తెఱచుకొనదు. సామానును లోపలినుండి, వెనుక సీటును వంచి పెట్టవలసి వచ్చెడిది. 2015లో వచ్చిన రూపాంతరమున తెఱచుకొను తలుపును అమర్చిరి.

మన దేశములో కార్లు పొట్టిగా నుండుటకు పన్ను కూడ ఒక కారణము. 2006 కేంద్ర బడ్జెటులో 4 మీటర్లకు మించని పొడవును, పెట్రోలైన 1200, డీజెలైన 1500 ఘన సెంటీమీటర్లకు మించని ఇంజనును గల వాటిని చిన్న కార్లుగా నిర్వచించి ఎక్సైజు సుంకమును 24 నుండి 16 శాతమునకు తగ్గించిరి. నాటినుండి కార్ల రూపకర్తలు ఆ 4 మీటర్ల గీతలోపలనే ఇంజనును, ఐదుగురు మనుష్యులను, సామానును ఇమిడ్చుటకు పాటుపడుచున్నారు. ఈ ముగ్గురు వాటాదారులలో మొదట కోతపడునది సామాను వాటాయే.

ఇక చోటు లెక్కకు వత్తము. ప్రకటనలలో డిక్కీ ఇన్ని లీటర్లని వ్రాయుదురు. ఆ లెక్కకు 20 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 5 మందము గల దిమ్మలను వాడు పద్ధతి ప్రసిద్ధమైనది. ఒక్కొక్క దిమ్మ ఒక లీటరు. ఎన్ని దిమ్మలు పట్టిన అన్ని లీటర్లు. కాని మన సామాను దిమ్మలవలె ఉండదు. చక్రముల గూళ్లు ఇరుప్రక్కల లోపలికి పొడుచుకొని వచ్చును. వెనుక అద్దము ఏటవాలుగా వంగియుండును. పెద్ద పెట్టె ఒకటి అడ్డుపడి, దాని చుట్టును నలభై లీటర్ల చోటు వ్యర్థము కావచ్చును. 2022లో వచ్చిన ఆల్టో కె10 పొడవు 3530 మిల్లీమీటర్లు, డిక్కీ 214 లీటర్లు. వ్యాగనార్ పొడవు 3655 మిల్లీమీటర్లు, డిక్కీ 341 లీటర్లు. పొడవులో భేదము జానెడైన లేదు. ఎత్తైన కప్పు, నిటారైన వెనుక భాగము వ్యాగనారునకు ఆ మేలు చేసినవి. కావున కొనునప్పుడు అంకెను నమ్ముటకన్న, ఇంటినుండి మన పెట్టెనే తీసికొని వెళ్లి పెట్టి చూచుట మేలు. అమ్మువారు నవ్వినను నష్టము లేదు.

చోటు ఉన్నంత మాత్రమున బరువు మోయునని అనుకొనరాదు. 25 కిలోల బియ్యపు సంచి సుమారు 30 లీటర్ల చోటు ఆక్రమించును. 214 లీటర్ల డిక్కీలో లెక్క ప్రకారము ఏడు సంచులు పట్టును. వాని బరువు 175 కిలోలు. ఇట్టి చిన్న కారు మనుష్యులతో కలిపి మోయగల బరువు సాధారణముగా 400 మొదలు 450 కిలోల వఱకు మాత్రమే. ఐదుగురు పెద్దలు ఎక్కిన 325 కిలోలు వారివే. మిగిలినది సుమారు నూరు కిలోలు, అనగా నాలుగు సంచులు. చోటు ఇంకను కనబడుచుండగనే మోత ముగిసినదన్నమాట. మితిమీరిన బరువు వెనుక చేరిన ముందు చక్రములు తేలికపడి స్టీరింగు పట్టు సడలును, బ్రేకు వేసినపుడు ఆగు దూరము పెరుగును, టైర్లు వేడెక్కును. నిండు బరువునకు టైర్లలో ఎంత గాలి ఉండవలెనో డ్రైవరు తలుపు ప్రక్కనున్న చీటీపై వ్రాసియుందురు. ప్రయాణమునకు ముందు దానిని చూడవలెను.

సర్దుటకు నియమము సులువైనది. బరువైనవి అడుగున, వెనుక సీటునకు ఆనించి పెట్టవలెను. తేలికైనవి వానిపైన. ఏదియు సీటు వీపు ఎత్తును మించరాదు. సీటు మడిచి తిరిగి నిలిపినపుడు గొళ్లెము పడిన చప్పుడు వినబడవలెను. పట్టీ అందులో నలిగిపోలేదని చూడవలెను. నైలాను త్రాడుతో సామానును కొక్కెములకు కట్టవలెను.

ఈ నియమమును మేము పుస్తకమునుండి కాక ఒక ఇత్తడి బిందెనుండి నేర్చితిమి. ఊరినుండి వచ్చుచు దానిని వెనుక అద్దము క్రింది పలుచని పలకమీద నుంచితిమి. త్రోవలో ఒక గేదె అడ్డము వచ్చినది. వేగము 40 కిలోమీటర్లు దాటలేదు. బ్రేకు వేసితిమి; కారు ఆగినది, బిందె ఆగలేదు. వెనుక సీటులో నిదురించుచున్న పిల్లవాని తలకు జానెడు దూరముగా వచ్చి గేరు కడ్డీ ప్రక్కన పడినది. పిల్లవాడు మేల్కొనను లేదు. ఆ బిందె సొట్టను మేము నేటికిని తీయింపలేదు. కారు సర్దునప్పుడెల్ల దానిని ఒకసారి చూచెదము.

ఇది వింత కాదు, చలన సూత్రమే. కారు ఆగినను లోని వస్తువు తన వేగముతోనే ముందుకు సాగును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు వస్తువు దేనికైన తగిలినచో, అది పది మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి పడినట్లే. మేడపైనుండి తలమీద బిందె పడుటను ఎవరును ఒప్పుకొనరు. కారులో మాత్రము తల వెనుకనే దానిని పెట్టుకొని కూర్చుందుము. ఇదే సూత్రము పట్టీ కట్టుకొనని వెనుకసీటు ప్రయాణికునకును వర్తించును.

గోడ లేకపోవుటవలన మఱి రెండు అపాయములు కలవు. నిచ్చెనయో, మంచపు పట్టెయో పట్టలేదని వెనుక తలుపును సగము తెఱచి త్రాడు కట్టి నడుపువారు కలరు. కారు ముందుకు పోవునప్పుడు దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గును. పొగగొట్టమునుండి వచ్చు వాయువులు సుడి తిరిగి తెఱచిన తలుపుగుండ లోపలికి చేరును. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు మించిన ఆసక్తితో దానిని పట్టుకొనును. తలనొప్పి, నిదురమత్తు వచ్చిన తరువాత తెలిసికొను అవకాశము తక్కువ. అట్టి పొడుగు సామానుకు ట్రాలీ ఆటో కుదుర్చుకొనుటయే చవుక.

రెండవది వంట గ్యాసు బండ. 14.2 కిలోల గ్యాసుతో, ఇనుప బరువుతో కలిపి అది ఇంచుమించు 30 కిలోలుండును. ఈ గ్యాసు గాలికన్న బరువైనది. కాఱినచో కారు నేలమీదనే పేరుకొనును. మూసిన కారులో, ఎండలో దానిని తరలింపరాదు. కారు నడచుటకే సి.ఎన్.జి. బండ అమర్చుకొన్నవారి సంగతి వేఱు. అది బిగించినది, పరీక్షించినది. కాని 60 లీటర్ల బండ ఒకటి డిక్కీని దాదాపు మ్రింగివేయును. 2023లో టాటా సంస్థ ఆల్ట్రోజ్ కారులో 30 లీటర్ల బండలు రెండింటిని డిక్కీ నేల క్రిందికి దింపి కొంత చోటు మిగిల్చినది.

ఇక మన్నిక. కారు లోపలి భాగములకు శత్రువులు నాలుగు: ఎండ, తేమ, దుమ్ము, మన అజాగ్రత్త.

ఎండలో నిలిపిన కారు లోపలి గాలి మొదటి అరగంటలోనే మిక్కిలి వేడెక్కును. అద్దము వెలుతురును లోనికి రానిచ్చినంత సులువుగా వేడిని బయటికి పోనీయదు. కారు ముందరి బల్ల చేయి కాలునంత వేడెక్కును. మెత్తని వినైలు తొడుగులకు మృదుత్వమునిచ్చు ద్రవ్యములు ఆ వేడికి ఆవిరియై, అద్దము లోపలివైపున జిడ్డుపొరగా పేరుకొనును. ద్రవ్యము పోయిన తొడుగు గట్టిపడి బీటలు వాఱును. కప్పు గుడ్డ వెనుకనున్న నురుగుపొర వేడికి, తేమకు పొడియై గుడ్డ వ్రేలాడును. నీడన నిలుపుట, ముందు అద్దమునకు తెర పెట్టుట, తడిగుడ్డతో తుడుచుట, ఈ మూడే దీనికి చికిత్స. మెఱుగు నూనెలు పూసినచో దుమ్ము అంటుకొనును. అద్దములో మెఱుపు ప్రతిఫలించి కన్నులకు అడ్డగును. మూసిన కారులో పిల్లలను నిమిషముపాటైనను విడువరాదని వేఱుగా చెప్పనక్కఱలేదు, అయినను చెప్పుచున్నాము.

తేమ మెల్లగా పనిచేయు శత్రువు. కారు తివాచీ క్రింద దట్టమైన పొర ఉండును. పైన ఆఱినట్లు కనబడినను అడుగున నీరు నిలిచి ముక్కవాసన పుట్టును, నేల రేకు త్రుప్పుపట్టును. ఏ.సి. నీరు పోవు గొట్టము పూడినను ఎడమవైపు ముందు సీటు క్రింద తడి కనబడును. కాకినాడ, విశాఖపట్టణము వంటి సముద్రతీర నగరములలోనివారు చేపల బుట్టను డిక్కీలో పెట్టునప్పుడు క్రింద లోతైన పళ్లెము నుంచవలెను. ఉప్పునీటికి రేకు త్వరగా లొంగును. నెలకొకసారి స్టెప్నీ గుంటను తెఱచి, తలుపు రబ్బరునుండి నీరు దిగుచున్నదేమో చూడవలెను.

దుమ్మును, ఇసుకను తడిపి రుద్దరాదు. ముందు దులిపి, పీల్చు యంత్రముతో తీసి, ఆ తరువాతనే తుడువవలెను. రబ్బరు పట్టాలు మంచివే. కాని డ్రైవరు కాళ్లక్రింద పట్టామీద పట్టా వేసిన అది జరిగి పెడలుకు అడ్డుపడును.

ఊరగాయ నూనె ఒలికినచో కంగారుపడి నీళ్లు పోయకూడదు. నూనె అడుగు పొరకు దిగును. గుడ్డతో అద్ది, ముఖమునకు వాడు పౌడరును చల్లి, కొన్ని గంటల తరువాత దులిపి, కొద్దిపాటి సబ్బునీటితో తుడువవలెను. మిగిలిన పసుపు మరక ఎండకు క్రమముగా వెలిసిపోవును. మనకు శత్రువైన ఎండ ఇక్కడ చుట్టమగును. ఇంతకన్న మేలైన ఉపాయము ముందే కలదు: పాత దుప్పటియో, గోనెపట్టాయో డిక్కీలో పఱచి, జాడీని బకెట్టులో నిలిపి చుట్టును గుడ్డలు కుక్కుట. మాయింట ఆ పాత దుప్పటి ఇప్పుడు మూడవది. దానిక్రింది తివాచీ మాత్రము కొన్ననాటిదే.

వెనుక తలుపును పైకెత్తి నిలుపు రెండు కడ్డీలలో ఒత్తిడితో నైట్రోజను వాయువు నింపియుండును. ఏండ్లు గడచిన కొలది అది తగ్గి తలుపు మెల్లగా దిగజాఱును. కఱ్ఱ ఊతముగా పెట్టి సర్దుకొనుట తలకు తెచ్చుకొను ముప్పు. రెండు కడ్డీలను ఒక్కసారి మార్చుట క్షేమము.

చిన్న ఇంటిలో కాపురము చేయువారు ఏది ఎక్కడ పెట్టవలెనో పెద్ద ఇంటివారికన్న బాగుగా ఎఱుగుదురు. చిన్న కారును అట్టిదే. అందులో వస్తువులును మనమును ఒకే గదిలో ప్రయాణము చేయుచున్నాము. బయలుదేఱుటకు ముందు ఒక్కసారి వెనుక తలుపు తెఱచి, ఇది ఇప్పుడే ముందుకు దూకిన ఎవరికి తగులును అని ప్రశ్నించుకొనిన చాలును. ఆ ప్రశ్నకు జవాబుగా ఇంటివారిలో ఒకరి పేరు తోచినచో, ఆ వస్తువును క్రిందికి దింపి త్రాడు బిగింపుడు. ఊరు చేరుట ఐదు నిమిషములు ఆలస్యమగును, అంతే.