ఆగి ఆగి బలము తగ్గు ఆయిలు ఇంజను
విప్పించుటకు ముందు రైతు చూచుకొనవలసిన విషయములు

ఇంజను బొత్తిగా చెడిపోయినచో రైతుకు చేయవలసిన పని తెలియును, మెకానిక్కును పిలుచును. అరగంట చక్కగా నడిచి, పిదప నీరసించి, కొంతసేపు ఆపినచో మరల పుంజుకొను ఇంజనుతోనే చిక్కంతయు. ఇట్టి ఇంజనును పాతబడినదని తలచి విప్పించుటయో, అగ్గువకు అమ్ముకొనుటయో తరచుగా జరుగుచున్నది. నిజమునకు ఇట్టి ఇంజనులలో చాలవాటికి రోగము లేదు, ఆకలి ఉన్నది. డీజిలు సరిగా అందుట లేదన్నమాట.

ఇందువలన పైరుకు కలుగు నష్టము తక్కువది కాదు. ఎకరమునకు 2 అంగుళముల తడి ఇచ్చుటకు సుమారు 2 లక్షల లీటర్ల నీరు కావలెను. సెకనుకు 10 లీటర్లు పోయు పంపు ఆ పనిని అయిదున్నర గంటలలో ముగించును. అదే ఇంజను ప్రతి అరగంటకు ఒకసారి ఆగి, పావుగంట విశ్రమించినచో 8 గంటలు పట్టును. మొక్కజొన్న పూత, పీచు దశలో నున్నప్పుడు తడి ఆలస్యమైనచో గింజ కట్టుట తగ్గును. ఆ నష్టమును తరువాత ఎంత నీరు పెట్టినను పూడ్చలేము.

గత రబీలో నెల్లిమర్ల చెంత చంపావతి గట్టున ఒక రైతు పొలమునకు వెళ్ళితిని. మొక్కజొన్న పూతకు వచ్చినది. 5 అశ్వశక్తుల ఇంజను గట్టుపై ఆగియున్నది. పిస్టను రింగులు మార్చవలెనని ఒక మరమ్మతుదారు చెప్పియుండెనట.

“బాబూ, ఇది ముసిలిదయిపోనాది. మా పిల్లలు అమ్మీమంతన్నారు,” అని ఆ రైతు చెప్పెను.

“ఏ రోజున త్వరగా ఆగుతోంది, నాయుడుగారూ?” అని అడిగితిని.

“ట్యాంకు నిండా పోసిన్నాడే బేగి ఆగిపోతాది బాబూ!”

ఆ మాటలోనే జవాబున్నది. ట్యాంకు మూత పోయినందున, దుమ్ము పడకుండ వారు పాలిథీను కాగితము కప్పి, తాడుతో గట్టిగా బిగించిరి. డీజిలు దిగుచున్నకొలది దాని స్థానములో గాలి చేరవలెను. గాలికి దారి లేనిచో లోపల ఒత్తిడి తగ్గి, డీజిలు క్రిందికి దిగదు. ట్యాంకు నిండుగా నున్నప్పుడు పైన గాలికి చోటు తక్కువ. కనుక ఒత్తిడి ఇంకను త్వరగా పడిపోవును. ఇంజను ఆపినచో సందులగుండ కొంచెము కొంచెముగా గాలి చేరి, మరల నడచును. ఇంజను నడిపించి, నీరసించగానే తాడు సడలించితిమి. బుస్సుమని గాలి లోపలికి పోయెను. క్షణములలో ఇంజను పుంజుకొనెను. ఆ దినముననే తడి పూర్తియైనది. కావలసినది చిన్న రంధ్రము గల మూత మాత్రమే.

లోపము ఇంజనులోనా, పంపులోనా?

మొదట చెవితో వినవలెను. నీటి ధారతోపాటు ఇంజను చప్పుడు కూడ బరువెక్కి మందగించినచో లోపము ఇంజనులో నుండును. ధార తగ్గినను ఇంజను తేలికగా, హుషారుగా తిరుగుచున్నచో లోపము పంపు వైపున నుండును. ఏటిలో నీరు తగ్గి ఫుట్ వాల్వు తేలుట, పీల్చు గొట్టములో గాలి దూరుట, బెల్టు జారుట అందుకు కారణములు.

వరుసగా చూడవలసినవి

ట్యాంకు నుండి మొదలిడి ఇంజను వైపు నడువవలెను. ఈ పనులన్నియు ఇంజను ఆపి, చుట్ట, బీడీ దూరముగా నుంచి చేయవలెను.

1. మూత: గాలి రంధ్రము పూడినదేమో చూచి, సన్నని తీగతో శుభ్రపరచవలెను.

2. నీరు, మడ్డి: నీరు డీజిలు కంటె బరువైనది గనుక ట్యాంకు అడుగున చేరును. రాత్రి కదపక ఉంచి, ఉదయము అడుగు డీజిలును గాజుసీసాలోనికి కొంచెము వదలినచో నీరు వేరుగా కనబడును. సగము ఖాళీగా నున్న ట్యాంకులో చలి రాత్రులందు తేమ నీరుగా మారును. కావున సాయంకాలమే ట్యాంకు నింపి ఉంచుట మంచిది.

3. గొట్టము, ఫిల్టరు: ఇంధన పంపు వద్ద గొట్టము విప్పినచో డీజిలు ఎడతెగక ధారగా రావలెను. బొట్లుబొట్లుగా వచ్చినచో ఫిల్టరు మార్చవలెను.

4. గాలి బుడగలు: ఫిల్టరు మార్చినప్పుడును, ట్యాంకు పూర్తిగా ఖాళీయైనప్పుడును గొట్టములో గాలి చేరును. ముందు ఫిల్టరుపై, పిదప ఇంధన పంపుపై గల గాలి తీయు స్క్రూను సడలించి, బుడగలు ఆగి వట్టి డీజిలు వచ్చువరకు వదలి బిగించవలెను.

5. పొగ: నల్లని పొగ వచ్చినచో గాలి ఫిల్టరు పూడినదనియో, భారము ఎక్కువైనదనియో గ్రహించవలెను. తెల్లని పొగ డీజిలులో నీరు చేరుటవలనను, డీజిలు సరిగా మండకపోవుటవలనను వచ్చును. నీలి పొగ వచ్చినచో ఇంజను కందెన నూనె మండుచున్నది. అప్పుడే రింగుల సంగతి ఆలోచింపవలెను.

6. వేడి: చల్లబరచు నీరు సరిగా పారనిచో ఇంజను వేడెక్కి బలము తగ్గును. కాగిన ఇంజనులో చన్నీరు పోయరాదు, పగులును.

ఇంధన పంపు, నాజిలు మాత్రము అనుభవజ్ఞుడైన మెకానిక్కునకే వదలవలెను. నాజిలు చిమ్ము డీజిలు చర్మమును చీల్చుకొని పోవును. చేయి అడ్డు పెట్టరాదు. ఇంజనును బావిలోనికి దించి నడుపరాదు. దాని పొగ ప్రాణాంతకము.

పడవ మోటారునకును ఇదే సూత్రము

చంపావతి కోనాడ వద్ద సముద్రములో కలియును. ఆ తీరమున పడవ వెనుక తగిలించు మోటారులు కూడ ఇట్లే నడుమ నడుమ నీరసించుట కలదు. వానికిని ట్యాంకు మూతపై గాలి స్క్రూ ఉండును. ఒడ్డున బిగించినది వేటకు బయలుదేరునప్పుడు సడలించుట మరచినచో మోటారు కొంతదూరము పోయి ఆగును. బలము తగ్గగానే గొట్టములోని రబ్బరు బుడ్డిని పిసుకవలెను. మోటారు పుంజుకొన్నచో ఇంధనము అందుట లేదని అర్థము. బుడ్డి నొక్కుకొని చదునైపోయినచో అడ్డంకి ట్యాంకు వైపున ఉన్నది. పొలములో ఇంజను ఆగినచో తడి ఆలస్యమగును. కెరటముల మధ్య మోటారు ఆగినచో ప్రాణములకే ముప్పు. కనుక ఈ పరీక్ష ఒడ్డునే జరుగవలెను.

గ్రామ వ్యవసాయ సహాయకులు రబీ ఆరంభమునకు ముందే తమ గ్రామములోని ఇంజనుల మూతలను, ఫిల్టర్లను రైతులచే చూపించినచో ఎంతయో మేలు కలుగును. రైతు సోదరులు ఇంజను నీరసించినంతనే పానా చేతబట్టక, ముందు మూత తీసి చూడవలెనని కోరుచున్నాము.