మీకు తెలుసా? ఆ ఫాస్ఫారిక్ ఆమ్లం వెనక వాల్తేరు కథ

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లకు డైక్రోమేటుతో ఇనుమును లెక్కగట్టే ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. కోనికల్ ఫ్లాస్కులో ఫెర్రస్ ద్రావణం, కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లం, తేనెలా చిక్కగా జారే ఫాస్ఫారిక్ ఆమ్లం, రెండు మూడు చుక్కల డైఫినైలమీన్. బ్యూరెట్టు నుంచి చుక్కచుక్కగా వదులుతుంటే పచ్చగా మారుతూ వచ్చిన ద్రావణం ఒక్క చుక్కతో ఊదా రంగుకు తిరుగుతుంది. రీడింగు రాసుకుంటాం, మార్కులు పడతాయి. మరి ఫాస్ఫారిక్ ఆమ్లం ఎందుకు పోశాం? ఈ ప్రశ్న వైవాలో అడిగితే తప్ప ఎవరికీ తట్టదు.

ఫ్లాస్కులో పుట్టే ఫెర్రిక్ ఇనుమును ఫాస్ఫేటు గట్టిగా పట్టేసుకుంటుంది. దాంతో రంగు ముందే తిరిగిపోకుండా సరైన చోట తిరుగుతుంది. ఆమ్లం బాగా గాఢమైతే ఇంకో విచిత్రం. మామూలుగా యురేనియం జోలికి పోలేని ఫెర్రస్ ఇనుము దాన్ని ఏకంగా క్షయకరణం చేసేస్తుంది.

ఈ గుణాన్ని యురేనియం లెక్కకు పనికొచ్చేలా మలిచినది వాల్తేరులోని మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. 1926లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయానికి 1933లో టి.ఆర్. శేషాద్రి వచ్చి కర్బన రసాయనానికి పేరు తెచ్చారు. అకర్బన, విశ్లేషణ రసాయనాల వైపు ఆ పని చేసింది జి. గోపాలరావు. అలహాబాదులో నీల్ రతన్ ధర్ దగ్గర పనిచేస్తూ, నేలలోని అమ్మోనియా ఎండకు నైట్రేటుగా మారడం మీద 1931లోనే ధర్‌తో కలిసి పత్రం వెలువరించిన మనిషి. వాల్తేరులో ఆయన శిష్యబృందం వెనేడియం, సీరియం లాంటి మూలకాలతో కొత్త కొత్త టైట్రేషన్లు కట్టింది. ఖరీదైన యంత్రాల కోసం ఎదురుచూడని పరిశోధన అది. నా దృష్టిలో ఆ విభాగపు అసలు గొప్పతనం అక్కడే ఉంది.

1962లో గోపాలరావు, ఎస్.ఆర్. సాగి గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఫెర్రస్ ద్రావణంతో యురేనియాన్ని నేరుగా టైట్రేట్ చేసే పద్ధతిని 'టలాంటా' పత్రికలో ప్రచురించారు. రెండేళ్లకు అదే పత్రికలో బ్రిటన్ అణుశక్తి సంస్థకు చెందిన డేవిస్, గ్రే తమ పద్ధతిని ప్రకటించారు. అందులోనూ గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లంలో యురేనియాన్ని క్షయకరణం చేసేది ఫెర్రస్ ఇనుమే. కొన్ని మార్పులతో డేవిస్-గ్రే పద్ధతి అణు ఇంధనం లెక్కలు సరిచూసే ప్రయోగశాలల్లో ప్రామాణికంగా స్థిరపడింది.

ఇందులో మన ప్రాంతం ఊసెందుకంటారా? నంద్యాల, ఆళ్లగడ్డ, యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె, మూడూ కడప బేసిన్ రాళ్ల మీదే ఉన్నాయి. 2019లో ఆళ్లగడ్డ ప్రాంతంలో యురేనియం అన్వేషణ మీద ఆందోళన జరిగిన సంగతి ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. తుమ్మలపల్లె ఖనిజం సున్నపు జాతి రాయిలో ఉంది. ఆమ్లం పోస్తే రాయే దాన్ని తాగేస్తుంది కాబట్టి అక్కడ క్షారంతో తీస్తారు. ఆ ముడిరాయిలో యురేనియం చాలా స్వల్పం కనుక ఈ టైట్రేషన్ అక్కడ పనికిరాదు. శుద్ధి అయ్యాక వచ్చే సరుకు దగ్గరే దీని అవసరం.

ఈసారి ల్యాబులో ఫాస్ఫారిక్ ఆమ్లం సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు, వైవా దాకా ఆగకండి. ఎందుకు పోస్తున్నామో మీ మాస్టారిని మీరే అడగండి.