మారియో రెండవ ఆట

లెక్కల ఉపాధ్యాయుడు తరగతికి వర్గ సమీకరణములు నేర్పి ముగించిన మరునాడు ఏమి చేయవలెను? అవే సమీకరణములను ఇంకను చిక్కుపరచి ఇచ్చుట ఒక మార్గము. ఆ నేర్పు అవసరపడు కొత్త విషయమును ప్రారంభించుట మరియొక మార్గము. గొప్ప పేరు పొందిన వీడియో ఆటకు తరువాతి భాగము తయారుచేయువారికి ఎదురగు ప్రశ్న కూడ ఇదియే. జపానులోని నింటెండో సంస్థ 1985-88 సంవత్సరముల మధ్య ఒకే ఆట విషయములో ఈ రెండు మార్గములను ప్రయత్నించి చూచినది.

షిగెరు మియామోటో, తకాషి తెజుకాలు రూపొందించిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ 1985 సెప్టెంబరులో ఫ్యామికాం అను యంత్రముపై ఆడుటకు వెలువడినది. మారియో అను మీసాల ప్లంబరు ఎడమనుండి కుడికి పరుగెత్తుచు, గుంటలు దాటుచు, శత్రువులపై దూకుచు పోవును. చెప్పుకొనుటకు కథ ఇంతే. కాని దాని కూర్పు చూడదగినది. ఆట మొదలుకాగానే ఒక చిన్న శత్రువు ఎదురుగా నడచి వచ్చును. దానిని తాకినచో మారియో చచ్చును. రెండవసారి ఆడువాడు తానుగా దూకును. ప్రశ్నార్థకము గల దిమ్మెను తలతో కొట్టినచో ఒక పుట్టగొడుగు బయటికి వచ్చి, కుడివైపునకు జారి, గొట్టమునకు కొట్టుకొని, వెనుదిరిగి మారియో వైపునకే వచ్చును. అది తాకగానే మారియో పెద్దవాడగును. ఒక్క మాటయు చెప్పకుండ ఆట రెండు పాఠములు నేర్పినది.

దూకుటలో ఇంకొక యుక్తి కలదు. మీట నొక్కి పట్టినచో, పైకి లేచుచున్న మారియోపై గురుత్వాకర్షణ తక్కువగా లెక్కింపబడును. వదలగానే అది ఎక్కువగును. న్యూటను ఒప్పుకొనడు గాని, ఎంత ఎత్తు దూకవలెనో ఆడువాని వ్రేలికి వదలిపెట్టినది ఈ లెక్కయే.

ఇదంతయు 40 కిలోబైట్లలో ఇమిడినది. అందు ప్రోగ్రాముకు 32, బొమ్మలకు 8. తెర మీది దృశ్యము 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు గల చిన్న పలకలతో పేర్చబడును. ఒకే పలకను ఎన్ని చోట్లనైనను వాడవచ్చును. ఆకాశములోని మేఘము, నేలమీది పొద నిజమునకు ఒకే బొమ్మ; రంగులు మాత్రమే వేరు. ఏండ్ల తరబడి ఆడినవారిలో కూడ దీనిని గమనింపనివారు చాలమంది.

1986 జూనులో జపానులో రెండవ ఆట వచ్చినది. అదే మారియో, చాలవరకు అవే పలకలు, అదే దూకుడు లెక్క. కష్టము మాత్రము మిక్కిలి హెచ్చినది. గాలి వీచి దూకును దారి తప్పించును. ముందు లోకములకు దాటించు రహస్యద్వారములలో కొన్ని వెనుకకు నెట్టును. అన్నిటికంటె కఠినమైనది విషపు పుట్టగొడుగు. మొదటి ఆట ఓపికగా నేర్పిన పాఠము అబద్ధమని ఇది మొదటి దశలోనే చెప్పును. ఆరితేరినవారికి ఇది వినోదమే. కొత్తవారికి మాత్రము, నేర్పినవాడే మోసగించినట్లుండును. అమెరికాలోని నింటెండో శాఖ ఇది తమవారికి మరీ కష్టమని తలచి తీసికొనలేదు. 1987లో జపానులో వచ్చిన వేరొక ఆటలో పాత్రలను మార్చి, 1988లో దానినే రెండవ మారియోగా అమెరికాలో విడుదల చేసిరి.

1988 అక్టోబరులో జపానులో వచ్చిన మూడవ ఆట రెండవ మార్గము పట్టినది. దానికి యంత్రమే అడ్డుగా నిలిచినది. ఫ్యామికాంలోని ముఖ్యమైన చిప్పునకు చిరునామా తీగలు 16. ప్రతి తీగకు రెండు స్థితులు గనుక, 2ను 16 మారులు వేసి గుణించినచో వచ్చు 65,536 చిరునామాలకు మించి అది చూడలేదు. అందు కార్ట్రిడ్జిలోని ప్రోగ్రామునకు సాధారణముగా దక్కునది సగమే, అనగా 32 కిలోబైట్లు. దీనికి విరుగుడుగా కార్ట్రిడ్జిలోనే మరియొక చిప్పును అమర్చిరి. చిన్న బల్లపై నాలుగు పుస్తకములే పట్టునపుడు, బీరువానుండి కావలసినది తెచ్చి, చదివినది తిరిగి పెట్టు సహాయకుని వంటిది ఈ చిప్పు. బల్ల పెరుగలేదు, కాని అందుబాటులోని పుస్తకములు పెరిగినవి. మూడవ ఆట 384 కిలోబైట్లది, మొదటిదానికి దాదాపు పది రెట్లు. బొమ్మల పలకలను కూడ ఆ చిప్పు క్షణములో మార్చగలదు గనుక నాణెములు తిరుగుచు కనిపించును.

ఆ చోటును కష్టముతో నింపి ఊరకొనలేదు. ఒక ఆకు దొరికినచో మారియోకు తోక మొలచును. చాలినంత దూరము పరుగెత్తినచో అతడు ఎగురును. మొదటి ఆటలో గుంట దాటుటకు నేర్చిన పరుగే ఇచ్చట ఎగురుటకు ఉపాయమైనది. ఎగురువానికి పైన కూడ దారులుండవలెను గనుక తెర పైకి కదలును, వెనుకకును మరలును. పాతవాని నేర్పు వ్యర్థము కాలేదు. కొత్తవాడును మొదటి దశలోనే ఎగురుట నేర్చును.

మొదటి ఆట 4 కోట్లకు పైగా అమ్ముడుపోగా మూడవది 1 కోటి 70 లక్షలు దాటినది. ఈ అంకెలతో రెంటిని తూచరాదు. మొదటిదానిని అనేక చోట్ల యంత్రముతో కలిపియే అమ్మిరి.

జపానులోని రెండవ ఆట 1993లో ఒక సంపుటములో భాగముగా, ‘లాస్ట్ లెవెల్స్’ అను పేరుతో అమెరికా చేరినది. విషపు పుట్టగొడుగు అందులోను ఉన్నది. అయితే ఈసారి ఒక్కొక్క దశ దాటగానే, మరునాడు అచ్చటినుండియే ఆడుటకు వీలుగా ఆటను భద్రపరచు ఏర్పాటు చేసిరి.