బాలింత చెప్పుకొనలేని బాధ

ప్రసవము స్త్రీకి పునర్జన్మ మందురు. బిడ్డను చూడవచ్చిన చుట్టములు "కులాసాయా?" యని యడుగగా బాలింత తలయూచును. ప్రసవద్వారముకడ వేసిన కుట్లు సలుపుటచే నామె తిన్నగా కూర్చుండజాలదని యెవ్వ రెఱుగుదురు?

విశాఖపట్టణమున గాజువాక చెంతనున్న ఆటోనగరువంటి కార్మికుల పేటలలో ఒంటిగది కాపురమైనచో, చాటుగా కడుగుకొనుటకైనను చోటు చిక్కదు. కావున సోదరీమణులారా, ఆసుపత్రినుండి వచ్చిన బాలింతకు ముందుగా మఱుగు కల్పింపుడు.

ఉపచారము సులభమే. తొలి దినములలో మంచుగడ్డను శుభ్రమైన గుడ్డలో చుట్టి పదినిమిషము లుంచినచో నొప్పి తగ్గును. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2022లో ఈ చల్లని ఉపచారమును సూచించినది. మూత్రవిసర్జన చేసిన ప్రతిసారియు మంచినీటితో ముందునుండి వెనుకకు కడిగి, మెత్తని పొడిగుడ్డతో నద్దవలెను. మైలగుడ్డను నాలుగైదు గంటల కొకసారి మార్చి, ఉదికినదానిని ఎండలో నారవేయవలెను.

పథ్యము పేర నీళ్లు మాన్పించుట మన యిండ్లలోని పెద్ద పొరపాటు. నీరు చాలనిచో మలము గట్టిపడును. ముక్కినకొలది కుట్లు నొచ్చును. దాహము తీఱ నీళ్లు, ఆకుకూరలు, పండ్లు ఈయుడు.

జ్వరము, చీము, దుర్గంధము, నానాటికి హెచ్చు నొప్పి, గంటలో గుడ్డ తడియునంతటి రక్తస్రావము కనబడినచో నాటుమందులతో జాగుచేయక ఆసుపత్రికి తీసికొని పొండు.

ఆసుపత్రిలో కాన్పయినవారి యింటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో రావలసియున్నది. అత్తగారులారా! ఆమె వచ్చినపుడు బిడ్డను మీరెత్తుకొని, కోడలిని కొంతసే పామెతో నొంటరిగా మాటలాడనిండు.